పాలకేంద్రం దావలో లైటు: పంచాయతీ బడ్జెట్‌లో ఆడవాళ్ల లెక్క రాయించడం ఎలా?

మా ఊరికి ఎల్‌ఈడీ దీపాలు వచ్చిన ఏడాది మొదట వెలిగింది ఊరి ఆర్చి. తర్వాత గుడివీధి, మెయిన్ రోడ్డు, పెద్దమనుషుల ఇళ్ల మలుపులు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆడవాళ్లు పాల క్యాన్లు మోసుకుని పోయే దావ మాత్రం చీకట్లోనే ఉండిపోయింది. ఎవరూ పగబట్టి చేసింది కాదు. దీపాలు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్న రోజు బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురిలో ఆ వేళకు ఆ దావన నడిచేవాళ్లు ఒక్కరూ లేరు, అంతే. అప్పుడు నేను వార్డు మెంబరునే. తిరుపతికి దగ్గర్లోని పంచాయతీ అది, ఊరి పేరు వద్దులెండి. మీటింగు ఉందని నాకు కబురు రాలేదు. సాయంత్రం తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం ఇంటికొచ్చింది. పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటే చేయి తుడుచుకుని సంతకం పెట్టి పంపాను. కాబట్టి ఆ చీకటిలో నా సంతకం కూడా ఉంది.

తర్వాతి ఏడాది ఆ దావలో లైట్లు వేయించడానికి ఏమేం చేశామో, ఎక్కడెక్కడ పప్పులో కాలేశామో ఇక్కడ రాస్తున్నాను. మీరు సర్పంచి కావచ్చు, వార్డు మెంబరు కావచ్చు, పొదుపు సంఘంలో సభ్యురాలు కావచ్చు. దీన్ని పెద్ద పేరుతో జెండర్ బడ్జెట్ అంటారు. ఆస్ట్రేలియా 1984లో మొదలుపెట్టింది, మన కేంద్ర ప్రభుత్వం 2005-06 నుంచి బడ్జెట్‌తో పాటు ఆ పత్రం విడిగా ఇస్తోంది. పేరు చూసి జంకకండి. ప్రతి రూపాయి దగ్గరా ఆగి "ఇది ఎవరి కాళ్ల నొప్పి తగ్గిస్తుంది?" అని అడగడమే ఆ పని.

మొదట: మీ చేతిలో ఏముందో చూసుకోండి

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీల్లో ఆడవాళ్లకు కనీసం మూడో వంతు సీట్లు దక్కాయి. మన ఆంధ్రప్రదేశ్ 2011లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి దాన్ని సగం చేసింది. 2013 పంచాయతీ ఎన్నికల నుంచి ఆ సగం అమలవుతోంది. అసెంబ్లీకి, లోక్‌సభకు మూడో వంతు ఇస్తూ 2023లో చేసిన సవరణ ఇంకా జనగణన కోసం, నియోజకవర్గాల పునర్విభజన కోసం కాచుకుని ఉంది. ఈ ఒక్క విషయంలో మన పంచాయతీ ఆఫీసు అసెంబ్లీ కంటే ముందుంది. నిలబడాలనుకుంటే 21 ఏళ్లు నిండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న పాత నిబంధనను 2024లో తీసేశారు. ఆ నిబంధన వల్ల ఆగిపోయిన అక్కలు మన పక్క చాలామందే ఉన్నారు, వాళ్లకు ఈ మాట చేరవేయండి.

సీటు సంగతి అది. అసలు సంగతి తాళంచెవి. పంచాయతీ ఖాతా నుంచి డబ్బు కదలాలంటే ఇప్పుడు చెక్కు కంటే డిజిటల్ సంతకం ముఖ్యం. చూడ్డానికి పెన్‌డ్రైవులా ఉంటుంది, డాంగిల్ అంటారు. కార్యదర్శి ఒకవైపు, సర్పంచి ఒకవైపు ఆమోదిస్తేనే ఆన్‌లైన్లో బిల్లు కదులుతుంది. మీరు సర్పంచి అయితే ఈ పూటే మూడు చూసుకోండి. ఆ డాంగిల్ మీ బీరువాలో ఉందా, మీ ఆయన చొక్కా జేబులో ఉందా? దాని పాస్‌వర్డ్ మీకు నోటికి వచ్చా? పంచాయతీ రికార్డుల్లో మీ పేరు పక్కన ఉన్న ఫోన్ నంబరు మీదేనా? మూడింట్లో ఏ ఒక్కటి కాకపోయినా, మిగతా పనులన్నీ తర్వాత, ముందు ఇది సరిచేసుకోండి.

ఇంట్లో గొడవ అవుతుందని మీరంటారు. అవుతుంది. నాకు తెలిసిన ఒక సర్పంచమ్మ నేరుగా అడగలేదు. "ఆడిట్ వాళ్లు నన్నే ప్రశ్నలు అడుగుతారంట, సంతకం నాది కదా, రేపు డబ్బు తేడా వస్తే నోటీసు నా పేరు మీదే వస్తాదంట" అని అన్నం పెడుతూ రెండు మూడు సార్లు అంది. నాలుగో రోజుకు ఆయనే డాంగిల్ తెచ్చిచ్చాడు. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు, సంతకం ఎవరిదో జవాబు కూడా వాళ్లదే. భార్య కుర్చీలో భర్త పెత్తనం గురించి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీయే వేసింది, 2025లో దాని నివేదిక కూడా వచ్చింది. అంటే మీ ఇంటి గుట్టేం కాదు, దేశమంతా ఉన్న జబ్బే.

మీకు పదవి లేకపోయినా చిన్నతనపడొద్దు. గ్రామసభ అంటే ఊరి ఓటర్లందరూ. పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి నడుపుతున్న రోజుల్లో కూడా మీ ఓటు, మీ గ్రామసభ అలాగే ఉంటాయి. 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా మనం అలా గడిపిన వాళ్లమే. నిజానికి అలాంటప్పుడే ఆడవాళ్లు ఎక్కువ వెళ్లాలి. ఊరి రాజకీయం లేని అధికారి కాగితం ఉంటే వింటాడు, కాగితం లేకపోతే వినడు.

రెండు: డబ్బు ఏ సంచిలో ఉందో తెలుసుకోండి

"పంచాయతీలో డబ్బుల్లేవు" అన్న మాట మీకు మొదటి రోజే వినిపిస్తుంది. ఏ సంచిలో లేవు అని అడగండి. పంచాయతీకి మూడు సంచులుంటాయి.

ఒకటి సొంత ఆదాయం: ఇంటి పన్ను, కొళాయి రుసుం, సంత వేలం, లేఔట్ల ఫీజులు. తిరుపతి చుట్టుపక్కల ఊళ్లలో ఈ సంచి బరువుగానే ఉంటుంది, కొండకింద మారుమూల పల్లెల్లో అడుగున నాలుగు నాణేలుంటాయి. దీన్ని ఎలా వాడాలో ఎక్కువ భాగం పంచాయతీ ఇష్టం.

రెండోది ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పెట్టిన లెక్క ప్రకారం వందలో 60 రూపాయలు కట్టుబడి ఉండేవి, అంటే చెప్పిన పనికే వాడాలి: 30 పారిశుధ్యానికి, 30 తాగునీటికి, వాననీటి సంరక్షణకు. మిగతా 40 ఊరి అవసరానికి, జీతాలకు మాత్రం వాడకూడదన్నారు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. ఈ ఏడాది విభజన ఎంతో కార్యదర్శిని అడిగి ఒక చీటీ మీద రాయించుకోండి. ఈ విభజన తెలియకే మేం మొదటిసారి బోల్తాపడ్డాం. పారిశుధ్యం డబ్బుతో లైట్లు వేయమని అడిగాం. "ఆ పద్దులో కుదరదమ్మా" అని ఒక్క మాటతో పంపేశారు, నిజంగానే కుదరదు. కుదిరే పద్దు పేరు చెప్పి అడిగి ఉంటే ఆ మాట పుట్టేది కాదు.

మూడోది పథకాల డబ్బు, ఉపాధి పనులు, అంగన్‌వాడీ భవనాలు ఇలాంటివి. ఇది పంచాయతీ చేతిలో పూర్తిగా ఉండదు గానీ పని ఎక్కడ చేయాలో తీర్మానం ఊరిదే.

ఇవి కాక ఊరి గుమ్మం దాటితే ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. మండల పరిషత్, జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో 15 శాతం మహిళా శిశు సంక్షేమానికి పెట్టాలి. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, తాగునీటికి 9, ఇలా మిగతావాటికీ వాటాలున్నాయి. మీ ఎంపీటీసీ, జెడ్పీటీసీ సభ్యులను ఆ 15 శాతం పోయిన ఏడాది ఏమైందని అడగండి. దీని గురించి కిందే కొంచెం కోపంగా చెబుతాను.

లెక్కలు చూడ్డానికి ఎవరి దయా అక్కర్లేదు. ఈగ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే మీ ఊరి ప్రణాళికలో ఏ పనులున్నాయో, ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే పది నిమిషాల పని. అక్కడ లేని వివరం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసివ్వండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డుంటే అదీ అక్కర్లేదు. జవాబుకు 30 రోజులు గడువు. కాకపోతే నా సలహా: మొదటే సమాచార హక్కు దరఖాస్తు విసరొద్దు. ఊళ్లో అది కొట్టడానికి చెయ్యెత్తినట్టు లెక్క. ముందు నోటితో అడగండి, తర్వాత చీటీతో, ఆ తర్వాతే చట్టంతో.

మూడు: పోయిన ఏడాది పద్దు మీద పెన్సిలు గీతలు పెట్టండి

పోయిన ఏడాది ఖర్చుల జాబితా ప్రింటు తీసుకోండి. సంఘంలో అయిదారుగురు కూర్చుని ఒక్కో వరసా చదవండి. కేంద్ర ప్రభుత్వం తన పత్రంలో పథకాలను మూడు భాగాలు చేస్తుంది: పూర్తిగా ఆడవాళ్ల కోసమే ఉన్నవి ఒకటి, కనీసం 30 శాతం ఆడవాళ్లకు చేరేవి రెండు, అంతకు తక్కువ చేరేవి మూడు. ఈ మూడో భాగం 2024-25లో కలిపారు. మనకు శాతాలు అక్కర్లేదు. మూడు గుర్తులు చాలు. ఆడవాళ్లకే పనికొచ్చేదానికి సున్నా చుట్టండి, అందరికీ పనికొచ్చేదానికి టిక్కు, ఆడవాళ్లు అటు వైపే పోని పనికి అడ్డగీత.

మా జాబితాలో సున్నాలు రెండే వచ్చాయి, అవీ చిన్న మొత్తాలు. దానికి నాకేం బాధ కలగలేదు. ఆశ్చర్యమంతా టిక్కుల దగ్గర. "వీధి దీపాలు" అందరివీ అనుకుని టిక్కు పెట్టబోతుంటే ఒక పెద్దమ్మ ఆపింది. "యాడ పెట్టినారో చెప్పు, ఆనక పెడుదువు గీత" అంది. చెప్పాను. అడ్డగీతే పెట్టించింది. కాలువ పనీ అంతే. మెయిన్ రోడ్డు పక్కన సిమెంటు కాలువ కట్టారు, దాని నీళ్లు పోయి చేరేది ఆడవాళ్లు బట్టలుతికే బోరు దగ్గర. పద్దు పేరు చూస్తే తెలియదు, చోటు చూస్తేనే తెలుస్తుంది. ఈ పెన్సిలు పని ఒక మధ్యాహ్నం పడుతుంది. దాటేయకండి.

నాలుగు: నడవండి

ఇది అసలు పని. మిగతాదంతా దీనికి తోక.

ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు, అదే రోజు రాత్రి ఎనిమిదిన్నరకు, ఇంకో రోజు మధ్యాహ్నం రెండింటికి ఊరంతా నడవండి. వయసు వేర్వేరుగా ఉన్న నలుగురు ఉండాలి: బడికి పోయే పిల్ల, చంకన బిడ్డ ఉన్న తల్లి, పాలు పోసే ఆమె, మోకాళ్లు నొప్పులున్న పెద్దామె. దళితవాడను వదలొద్దు. చాలా ఊళ్లలో ఈ నడకలు కూడా ఊరి నడివీధిలోనే ఆగిపోతాయి. కాలనీలో కొళాయికి నీళ్లు ఎన్నింటికి వస్తాయో కాలనీ ఆమే చెప్పాలి.

ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఎక్కడ చీకటి, ఎన్ని స్తంభాలు, వాటి మీద నంబర్లేమిటి. కొళాయి దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, బిందెలెన్ని. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, తలుపుకు గడియ ఉందా. మరుగుదొడ్డి ఉందని కాగితంలో ఉంటుంది, గడియ లేదని కాగితంలో ఉండదు. గడియ లేని దొడ్డి ఆడపిల్లకు లేనట్టే. అంగన్‌వాడీ ముందు వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయా. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్కడికి పోతున్నారు? దీనికి జవాబు వాళ్లను పక్కకు పిలిచి అడిగితేనే చెబుతారు. "పొద్దున్నించి నీళ్లు తాగనక్కా, అదొక్కటే దావ" అన్న మాట నేను రెండు సంతల్లో విన్నాను.

ఊరిని బట్టి ప్రశ్న మారుతుంది. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు శ్రీసిటీ కంపెనీలకు పోయే అమ్మాయిలున్న ఊళ్లలో షిఫ్టు బస్సు దిగిన చోటు నుంచి ఇల్లు దాకా నడవండి. చిత్తూరు వైపు తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ఊళ్లలో, ఆ రెండు నెలలూ చంటిబిడ్డలను ఎవరు చూస్తున్నారో అడగండి. నగరి వైపు మగ్గాల ఇళ్లున్న చోట కరెంటు, మురుగునీరు, పని చేసే గదిలో గాలి. వేరే ఊరి జాబితా తెచ్చి మీ ఊరికి అతికించొద్దు.

మా నడకలో పాలకేంద్రం దావలో పదకొండు స్తంభాలు లెక్క తేలాయి. తీగ ఉంది, దీపాల్లేవు. మాతో వచ్చిన చిన్నపిల్ల ఒకటి గమనించింది, మేమెవరం చూడలేదు: నాలుగో స్తంభం నుంచి ఏడో స్తంభం దాకా పక్కన ముళ్లకంప ఏపుగా పెరిగి దావ సగమైపోయింది. "పగలు కూడా నేనీ దావన రాను" అంది. లైటు వేసినా ఆ పిల్ల రాదు. కాబట్టి మా జాబితాలో లైట్లతో పాటు కంప కొట్టించడం కూడా చేరింది.

ఐదు: బాధను పనిగా మార్చి రాయండి

"మాకు భద్రత కావాలి" అని రాసిస్తే ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు. పద్దులో భద్రత అనే వరస లేదు. "పాలకేంద్రం నుంచి ఎస్సీ కాలనీ మలుపు దాకా ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు 11 స్తంభాలకు దీపాలు, పక్కన ముళ్లకంప తొలగింపు" అని రాస్తే అది పని. పనికి ఆరు విషయాలు కావాలి: ఏమిటి, ఎక్కడ, ఎంత కొలత, ఎవరికి ఉపయోగం, ఏ పద్దు, సుమారు ఖర్చు.

ఖర్చు మీరు ఊహించొద్దు. ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, అంచనా వేయమని అడగండి. కుర్రాడైతే "అబ్బాయ్, ఒకసారి వచ్చి చూడు నాయనా" అని దావకు తీసుకుపొండి, ఆఫీసులో కూర్చుని వేసిన అంచనాకూ నిలబడి చూసి వేసినదానికీ తేడా ఉంటుంది. స్తంభాల సంగతి కరెంటు సంస్థతో మాట్లాడాలి. మనకు ఆ సంస్థ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది గానీ అంత దూరం పోనక్కర్లేదు, మీ లైన్‌మ్యాన్‌తో మొదలుపెట్టండి. వీధి దీపాల బిల్లు నెలనెలా పంచాయతీయే కట్టాలి కాబట్టి, పెట్టేటప్పటి ఖర్చుతో పాటు నెల బిల్లు ఎంత పెరుగుతుందో కూడా రాసుకోండి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు మీ దగ్గరుంటే ఎదుటివాళ్లు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

పద్దు సరిగ్గా కుదర్చండి. సంతలో నీళ్లున్న మరుగుదొడ్లు పారిశుధ్యం వాటాలోకి వస్తాయి. కాలనీ పైపులైను తాగునీటి వాటాలోకి. లైట్లు కట్టుబాటు లేని వాటాలోకి గానీ సొంత ఆదాయంలోకి గానీ. ఒకే ఏడాది అన్నీ అడగొద్దు. మూడు పనులు, వరస క్రమంలో. పద్నాలుగు అడిగితే వాళ్లకు నచ్చిన చిన్నది ఒకటి చేసి "మీరడిగిందే చేశాం" అంటారు.

ఆరు: సభకు ముందే సభ పెట్టుకోండి

ఊరి అభివృద్ధి ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబర్ 2 ప్రాంతంలో మొదలై జనవరి దాకా నడుస్తుంది. 2018 నుంచి దీన్ని ప్రజా ప్రణాళిక ప్రచారంగా నడుపుతున్నారు. గ్రామసభల తేదీలు కార్యదర్శిని ముందే అడిగి రాసుకోండి. సభ రోజున వెళ్లి చేయెత్తి మాట్లాడితే పని అయిపోతుందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. సభకు మూడు వారాల ముందే కార్యదర్శి బల్ల మీద జాబితా సగం తయారై ఉంటుంది. సభలో జరిగేది దాన్ని చదవడం. మీ కాగితం ఆ బల్ల మీదికి ముందే చేరాలి.

దానికి రెండు దారులున్నాయి. ఒకటి పొదుపు సంఘాల దారి. సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య పేదరిక నిర్మూలన ప్రణాళిక ఒకటి తయారుచేసి పంచాయతీ ప్రణాళికలో కలపమని ఇవ్వాలి. ఇది ప్రభుత్వం పెట్టిన పద్ధతే. మీ సంఘాల లెక్కలు చూసే యానిమేటర్‌ను అడగండి. చాలాచోట్ల ఆ ఫారాలు ఒక్కరే కూర్చుని నింపేస్తారు, అప్పుల కిస్తీల హడావుడిలో ఎవరూ పట్టించుకోరు. ఈసారి సమావేశంలో ఆ ఫారం బయట పెట్టించి, మీ మూడు పనులూ అందులో రాయించండి. ఊరి ఉమ్మడి వసతులకు అందులో చోటుంది.

రెండోది మహిళా సభ. గ్రామసభకు ముందు ఆడవాళ్లతో విడిగా సభ పెట్టాలని ప్రణాళిక మార్గదర్శకాల్లోనే ఉంది. పెట్టలేదంటే సర్పంచికి, కార్యదర్శికి రాసివ్వండి. వేళ మీరే చెప్పండి. ఉదయం పదకొండింటికి పెడితే కూలికి పోయిన వాళ్లు రారు, పేరుకు సభ జరిగిపోతుంది. మేం రాత్రి ఏడున్నరకు రాములగుడి అరుగు మీద పెట్టుకున్నాం. పిల్లలు గోల చేశారు, మధ్యలో కరెంటు పోయింది, అయినా అరవై మందికి తక్కువ లేరు. అక్కడే పేర్లు, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. తెల్లారి కాగితం రెండు ప్రతులు తీసి, ఒకటి కార్యదర్శికిచ్చి రెండోదాని మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకున్నాం. ఆ రెండో ప్రతి ఇంట్లో దాచుకోండి, ఏడాదంతా దాంతోనే పని.

ఏడు: గ్రామసభలో

ముందు వరసలో కూర్చోండి. పక్కకు నిలబడి చెట్టు కింద నుంచి వినడం మన అలవాటు, మానుకోండి. ఒక్కో పనిని ఒక్కొక్కరు చెప్పాలి, మొత్తం ఒకరే చెబితే "ఈమెకేదో ఉంది" అంటారు. పాల దావ సంగతి పాలు పోసే ఆమె చెప్పింది. మైకు పట్టుకుని ఆమె అన్నది ఇంతే: "ఆ దావన పోయి పోయి నాకు పాములు చుట్టాలైపోయినాయి సారూ. మా కోడలికి కాకూడదు." నవ్వారు అందరూ. నవ్వాక ఎవరూ అడ్డం చెప్పలేదు.

"చూద్దాం", "పరిశీలిస్తాం" అన్నమాటలకు చప్పట్లు కొట్టొద్దు. తీర్మానం రాయమనండి. మినిట్స్ పుస్తకంలో పని పేరు, చోటు, పద్దు పడ్డాయా లేదా చదివి వినిపించమనండి. ఆ తర్వాతే సంతకం. ఖాళీ పేజీ మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు, బావగారడిగినా సరే. పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి. వద్దంటే, ఇది గ్రామసభ, రహస్యం కాదు అని మెల్లగా చెప్పండి.

కుట్టుమిషన్ల గురించి రెండు మాటలు

పైన చెప్పిన మండల, జిల్లా పరిషత్‌ల 15 శాతం సంగతి. మహిళా సంక్షేమం అనగానే మనవాళ్లకు తట్టేది కుట్టుమిషను. నాకు కుట్టుమిషను మీద పగ లేదు, మా అమ్మ దానితోనే నన్ను చదివించింది. కానీ రెడీమేడ్ అంగళ్లు ప్రతి సందులో ఉన్న రోజుల్లో ఒకే ఊళ్లో ఇరవై మందికి మిషన్లిస్తే ఎవరికి ఎవరు కుడతారు? నేను చూసినచోట సగం మిషన్లు బియ్యం మూటలకు బల్లలయ్యాయి. పంచిన రోజు ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో మహిళా శిశు అభివృద్ధి 25వది. మిగతా 28 కూడా ఆడవాళ్లవే: తాగునీరు, దారులు, పాడి, ఆరోగ్యం, బడి. కేరళలో 1990ల చివర్లో స్థానిక సంస్థల ప్రణాళిక డబ్బులో 10 శాతం ఆడవాళ్లకు విడిగా పెట్టాలన్న నియమం తెచ్చారు. మంచిదే. కానీ మనకు 15 శాతం ఇచ్చి 85 శాతం గురించి నోరెత్తవద్దంటే ఆ బేరం వద్దు. ఎంపీటీసీని అడగాల్సింది కూడా అదే: ఆ 15 శాతంతో అంగన్‌వాడీకి ప్రహరీగోడో, సంతలో చంటిపిల్లల గదో, మిగతా దాంట్లో మా దావకు లైటో.

పట్నంలో ఉన్నవాళ్లకు

తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల్లో 2021 ఎన్నికల నాటికి యాభై చొప్పున డివిజన్లు. అక్కడా సగం సీట్లు ఆడవాళ్లవే. గ్రామసభ లాంటిది మామూలుగా కనిపించదు కాబట్టి కౌన్సిల్లో మీ మాట కార్పొరేటరే చెప్పాలి. బడ్జెట్ సమావేశానికి రెండు నెలల ముందే ఆమెను కలవండి. పట్నంలోని పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్పీల (రిసోర్స్ పర్సన్ల) ద్వారా కాగితం పంపండి, సోమవారం అర్జీల వేదికలో ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. నడక మాత్రం ఇక్కడా తప్పదు. తిరుపతిలో లాడ్జీల్లో గదులు ఊడ్చే ఆడవాళ్లు రాత్రి పదింటికి పని దిగి ఇల్లు చేరే సందులు, పూలమ్మే వాళ్లు తెల్లవారుజామున కూర్చునే చోట్లు, గంగజాతర రోజుల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు. యాత్రికులకు ఎన్ని వసతులున్నా, ఆ యాత్రికులకు పని చేసిపెట్టే ఆడవాళ్లకు ఏమున్నాయన్నది వేరే లెక్క.

ఎనిమిది: మార్చి దాకా వదలొద్దు

ప్రణాళికలో పడిన పనులన్నీ జరగవు. నెలకోసారి ఈగ్రామ్‌స్వరాజ్‌లో మీ పని ముందు ఏం రాసి ఉందో చూడండి. పని జరుగుతుంటే వెళ్లి నిలబడండి. కొలతలు రాసే పుస్తకాన్ని ఎం.బుక్ అంటారు, అందులో రాసిందీ నేల మీద ఉన్నదీ ఒకటేనా చూడండి. బిల్లు అయిపోయిందని సైటులో ఉండి దీపం లేకపోతే, అప్పుడు సమాచార హక్కు కాగితం బయటికి తీయండి.

మాకు ఆ ఏడాది పదకొండింట నాలుగే పడ్డాయి. డబ్బు చాలలేదన్నారు, లెక్క చూశాం, నిజంగానే చాలలేదు. కంప మాత్రం కొట్టించారు. మిగతా ఏడు తర్వాతి ప్రణాళికలో మళ్లీ రాయించాం. ఆ నాలుగింట్లో ఒకటి రెండు నెలలకే పోయింది. ఫోను చేస్తే అవతల వాళ్లు వీధి పేరు అడగలేదు, స్తంభం నంబరు అడిగారు. నోటు పుస్తకంలో ఉంది కాబట్టి చెప్పగలిగాను. మీరు నడిచేటప్పుడు నంబర్లు చెరిగిపోయి ఉంటే, కొత్తగా రంగుతో రాయించమని మొదటి కాగితంలోనే అడగండి.